బండి కింద నుంచి బండిలోకి

నేను ఒక ఇరుసును. మీరెప్పుడూ నన్ను చూసి ఉండరు, అందులో మీ తప్పేమీ లేదు. బండి కిందికి వంగి చూసేది మెకానిక్కులు, కుక్కలు, బంతి పోగొట్టుకున్న పిల్లలు మాత్రమే. పెద్దమనుషులు బండిని రంగు చూసి మెచ్చుకుంటారు, హారను విని జడుసుకుంటారు. ఇంజను బరువంతా నెత్తిన మోస్తూ, ముందు చక్రాలు రెండింటినీ చెరో పక్కా పట్టుకుని, అడుగున ఒక ఇనుప దూలం ఉంటుందని ఎవరికీ తోచదు. ఆ దూలాన్నే నేను.

అరవై ఏళ్ళు దాటిన మాట. ఎర్రగా కాలిన ఇనుప ముద్దను పెద్ద సుత్తి యంత్రం కింద పెట్టి మోదితే పుట్టాను. దెబ్బలు తిని పుట్టినవాణ్ణి కాబట్టి దెబ్బలకు పెద్దగా నొచ్చుకోను. గీత గీసినట్టు తిన్నగా ఉండేవాణ్ణి అప్పట్లో. నన్ను కమాన్ల మీదికి ఎక్కించి (కమాన్లంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఇనుప పట్టీలు), గుండ్రటి కళ్ళ పికప్పు ఒకదాని ముందు భాగాన బిగించారు. అది మొదలు ఆ బండిదీ నాదీ ఒకటే బతుకు.

మొదటి యజమాని కాకినాడలో ఐసు ఫ్యాక్టరీ ఆయన. మంచు దిమ్మల్ని రంపపు పొట్టులో పొదిగి రేవుకు చేరవేసేవాళ్ళం. కరిగిన నీళ్ళూ, చేపల నీళ్ళూ కలిసి నా మీదే కారేవి. మంచు కరుగుతోందని ఆయన పడ్డ బెంగలో వందోవంతు నా తుప్పు మీద పడి ఉంటే నేను ఇంకా నాజూగ్గా ఉండేవాణ్ణి. ఆ తర్వాత ఊరూరా డేరా వేసి సినిమాలాడించే ఆసామి కొన్నాడు. తొమ్మిదేళ్ళలో ఎన్నో సినిమాలు విన్నాను, ఒక్కటీ చూడలేదు. చివరికి డేరా చినిగింది, ఆసామి మనసు విరిగింది, బండి కడియం చేరింది.

కడియంలో మమ్మల్ని కొన్నది పేరయ్య. మామిడి అంటు మొక్కలు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. ఆయనకు రెండు నియమాలుండేవి: అంటు కట్టేటప్పుడు మాట్లాడకూడదు, బండి తోలేటప్పుడు పక్కకు చూడకూడదు. ఆయన కొడుకు బుల్లబ్బాయి మొదటిదాన్ని ఒంటబట్టించుకున్నాడు. రెండోదాన్ని ఒక్కరోజు, ఒక్కసారి తప్పాడు. ఆ ఒక్కసారి తప్పడం నా ఒంటి మీద ముప్పై ఎనిమిదేళ్ళు నిలిచిపోయింది.

అది ఆయన పెళ్ళి మర్నాడు. పెళ్ళికూతురిది మండపేట. తిరుగు ప్రయాణానికి మాట్లాడుకున్న కారువాడు ముఖం చాటేశాడు. పెద్దలంతా బస్సెక్కారు. పెళ్ళికొడుకు మాత్రం నుదుటి బాసికం తీయకుండానే పికప్పు స్టీరింగు పట్టుకున్నాడు. వెనక తొట్టిలో సారె బుట్టలు, పక్క సీట్లో పెళ్ళికూతురు మంగతాయారు. ద్వారపూడి దాటాక కాలువగట్టు రోడ్డు. ఎదర మనిషి గానీ మేక గానీ లేవు. బుల్లబ్బాయి ఒకసారి పక్కకు చూశాడు. మళ్ళీ రోడ్డు చూశాడు. మళ్ళీ పక్కకు చూశాడు. ఆ రెండో చూపు కొంచెం పొడుగైంది. రోడ్డు ఎడమ అంచున మైలురాయి ఉంది. నిలబడి ఉన్న రాయి, ఎవరి జోలికీ రానిది. ఎడమ చక్రంతో పోయి దాన్ని గుద్దాం. నేను ఎడమ కొసన రెండు వేళ్ళ మేర వంగిపోయాను.

ఇంటికి చేరాక పేరయ్య బండి కిందికి వంగి చూశాడు. "ఏం జరిగిందిరా?" అన్నాడు.

"గేదె అడ్డొచ్చింది నాన్నా," అన్నాడు బుల్లబ్బాయి.

పెళ్ళికూతురు తల దించుకుని కాలి వేళ్ళు చూసుకుంది. 

ఆ గేదె మా ఇంట్లో ఒక మనిషైపోయింది. ఏటేటా పెరిగింది కూడా. మొదట్లో అది ఒట్టి గేదె. పదేళ్ళు తిరిగేసరికి చూడి గేదె. ఇరవై ఏళ్ళకు దాని వెనక మంద ఉంది, మందను తోలే ముసలాయన ఉన్నాడు, ఆయన చంకలో గొడుగు కూడా ఉంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినేవాళ్ళలో అసలు సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒకటి నేను. రెండోది తాయారు. ఆవిడ ఎన్నడూ ఆ కథకు అడ్డురాలేదు.

నన్ను కొలిమికి పంపి తిన్నగా చేయిస్తానని పేరయ్య అన్నాడు. ఆయన పోయాక ఇంకెందరో అన్నారు. "వద్దు, కొంచెం ఎడమకి లాగుద్ది, అంతే కదా. నేను కుడికి పట్టి తోలుకుంటాను," అనేవాడు బుల్లబ్బాయి. ఎందుకు వద్దంటున్నాడో నాకు తెలిసేది. ఇష్టం. ఇంకేమీ కాదు. పైకి చెప్పుకోలేని ఇష్టాన్ని మనుషులు ఇలాంటి చోట్ల దాచుకుంటారు.

అలా కుడికి పట్టీ పట్టీ ఆయన ఒళ్ళే కుడికి అలవాటు పడిపోయింది. కుర్చీలో కూర్చున్నా కుడిపక్కకు ఒరిగేవాడు. అరవై దాటేసరికి కుడి భుజం మొరాయించింది. నిరుడు తొలకరికి మారేడుమిల్లి ఘాటు రోడ్డులో ఒక మలుపు దగ్గర స్టీరింగు తిరగలేదు. స్టీరింగు సరే, ఆయన చెయ్యి తిరగలేదు. వెనక తొట్టిలో మూడు వందల మామిడి అంట్లు, ఎదురుగా లోయ. బ్రేకు మీద నిలబడి, ముందు వెళ్తున్న జీపు వాళ్ళను కేకేసి, వాళ్ళ చేత స్టీరింగు తిప్పించుకుని మలుపు దాటాడు. ఆ సాయంత్రం అన్నం సరిగ్గా తినలేదని విన్నాను.

హైవే మీద హోటలు పెట్టినాయన ఈ సంగతి విని వచ్చాడు. "మంచి పాత బండండీ. గేటు ముందు పెట్టుకుంటాం. తొట్టిలో మట్టి పోసి బంతిపూలు వేస్తాం. పిల్లలు ఫొటోలు దిగుతారు," అన్నాడు. నలభై ఏళ్ళకు పైగా మొక్కల్ని మోసిన బండి చివరికి పూలకుండీ కావడం! బుల్లబ్బాయి ఆలోచించి చెబుతానని పంపేశాడు. ఆయన వెళ్ళాక అరుగు మీద కూర్చుని, "ఈ తొలకరికి మారేడుమిల్లి తోలగలిగితే ఉంచుకుందాం తాయారూ. లేకపోతే ఇచ్చేద్దాం," అన్నాడు. 

 మర్నాడు తాయారు బస్సెక్కి రాజమండ్రి ఆటోనగర్ వెళ్ళి మీరావలిని కలిసింది. మీరావలి పాత బండ్ల మెకానిక్కు, మాట కటువు, పని శుభ్రం. ఆ బండికి మొత్తం ముందు భాగమే మార్చేయొచ్చని అతను చెప్పాడు. కోయంబత్తూరు నుంచి సెట్టు వస్తుందట. చక్రం చక్రానికి విడివిడిగా కాయిల్ స్ప్రింగులు, కొత్త స్టీరింగు, దానికి పవరు. చంటిపిల్ల కూడా వేలితో తిప్పొచ్చునట. దూలం అక్కర్లేదట.

ఆ దూలాన్ని నేనే కదా. విన్నప్పుడు కొంచెం కష్టం కలిగింది, దాచుకోను.

వైశాఖంలో బండిని మీరావలి షెడ్డులో నాలుగు స్టాండ్ల మీదికి లేపారు. అతను ముందు కత్తీ సుత్తీ ముట్టుకోలేదు. దారానికి గుండు కట్టి బండి చట్రం, అదే చాసిస్, నాలుగు మూలల నుంచి కిందికి వదిలి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి, మూల నుంచి మూలకు టేపు లాగి కొలిచాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. "చాసిస్ మూల తప్పితే కొత్తది బిగించినా పాత రోగమేనండి," అన్నాడు. చాసిస్ తప్పలేదు. రోగమంతా నాలోనే ఉంది.

నా బోల్టులు రానన్నాయి. గ్యాసు మంటతో కాల్చి, గొట్టం తొడిగిన స్పానరుతో ముగ్గురు వేలాడితే కిర్రుమని కదిలాయి. నన్ను నేల మీదికి దించి, మీరావలి నా పొడుగునా ఒక తిన్నటి కడ్డీ ఆనించి చూశాడు. చూసి లేచి నిలబడ్డాడు.

"ఏంటండి ఇది! ఇంత వంకరతో ఘాటెక్కించారా?"

"గేదె అడ్డొచ్చిందోయ్," అని బుల్లబ్బాయి మొదలెట్టాడు. చూడి గేదె, మంద, ముసలాయన, గొడుగు, అన్నీ వచ్చాయి. తాయారు స్టూలు మీద కూర్చుని వింటోంది.

మీరావలి మొత్తం విన్నాడు. "గేదె తగిలితే ఇరుసు ఇలా వంగదండి గురువుగారూ. రాయి కొట్టిన దెబ్బిది," అన్నాడు.

 బుల్లబ్బాయి దగ్గాడు. "గేదె రాయి మీద నుంచుందోయ్," అన్నాడు.

తాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

నేను గోడ వారగా పడుకుని మిగతా పనంతా చూశాను. బండి ముఖం చూడటం నాకదే మొదలు. అరవై ఏళ్ళ కాపురంలో దాని ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. బాగానే ఉంది. కమాన్ల కొక్కేలు కోసేశారు. నా చోట అడ్డంగా ఒక కొత్త దిమ్మె పెట్టి వెల్డింగు చేశారు. దానికి అటూ ఇటూ చేతుల్లాంటి ఇనుప కమ్మెలు, వాటి నడుమ చుట్టలు చుట్టిన స్ప్రింగులు. మునుపు ఎడమ చక్రం గుంటలో పడితే ఆ కుదుపు నా ఒంట్లోంచి కుడి చక్రానికి కూడా పోయేది. ఇప్పుడు ఎవరి గుంట వారిదే. పాత స్టీరింగు డబ్బా తీసేసి, పొడుగాటి కొత్త గొట్టం అడ్డంగా బిగించి, ఇంజనుకు ఆయిలు పంపు కట్టారు. మీరావలి స్టీరింగును చూపుడు వేలితో తిప్పి చూపించాడు. చక్రాలు మాట విన్నాయి. నాకు అసూయ కలిగింది, అంతలోనే బుల్లబ్బాయి భుజం గుర్తొచ్చి తగ్గింది.

చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో సరిచూసే రోజున తాయారు ఒక పేచీ పెట్టింది. ఖాళీ బండికి సరిచేస్తే ఒప్పుకోనంది. "మా బండి ఖాళీగా ఎప్పుడు తిరిగిందయ్యా? మొక్కలెక్కించి చూడు," అంది. ఇసుక బస్తాలు వేస్తానన్నాడు మీరావలి. ఇసుక బరువు వేరు, తడిసిన మట్టి బరువు వేరు అంది. ఆటోలో కడియం వెళ్ళి మామిడి అంట్లు తెచ్చి, తొట్టిలో పేర్చి, బకెట్లతో నీళ్ళు పోసి, "ఇప్పుడు చూడు," అంది. మీరావలి గొణుక్కుంటూనే స్ప్రింగుల ఎత్తు మార్చాడు. మార్చాక, అమ్మగారు చెప్పిందే నిజమని అందరి ముందూ ఒప్పుకున్నాడు.

పాత ఇనుము వాడు నా కోసం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బుల్లబ్బాయి నన్ను కాసేపు చూసి, "దీన్ని బండిలో ఎక్కించండి," అన్నాడు. నలుగురు పట్టి తొట్టిలో పడేశారు. అరవై ఏళ్ళు బండిని మోసినవాణ్ణి, మొదటిసారి బండి నన్ను మోసింది.

మీరావలే కడియం దాకా తోలుకొచ్చాడు. అక్కడ బండికి హారతిచ్చారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బుల్లబ్బాయి ఎక్కాడు. మీరావలి పక్కన కూర్చున్నాడు. తాయారు వెనక నా పక్కన నిలబడింది. నర్సరీ సందుల్లో ఆయన స్టీరింగును వేలితో తిప్పుతూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. భుజం నొప్పి లేదని రెండుసార్లు పైకే అన్నాడు. కాలువగట్టు రోడ్డెక్కాం. బండి వేగం అందుకుంది. అక్కడ చేతులకు పాత సంగతి గుర్తొచ్చింది.

ఆయన కుడికి పట్టాడు. ఎడమకు లాగే నేను కింద లేను. బండి చెప్పినట్టు విని తిన్నగా కుడికి పోయింది. ఎదురుగా వస్తున్న పాల వ్యాను హారను కొట్టుకుంటూ మట్టిలోకి దిగింది. మేం రోడ్డు దాటి పక్క నర్సరీలో పదకొండు క్రోటన్ కుండీల మీంచి వెళ్ళి ఆగాం.

మర్నాడు మళ్ళీ ప్రయత్నించాడు. ధ్యాస పెట్టినంతసేపు బాగానే వెళ్ళింది. మీరావలి ఏదో అడిగితే జవాబు చెప్పబోయి మళ్ళీ కుడికి పోయాడు. మూడో రోజు ఎదురుగా లారీ. ఈసారి తాయారు బండి ఆగాక కూడా తొట్టి పట్టె వదల్లేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. చేతులకు పట్టిన బుద్ధి అంతకన్నా మొండిది.

అప్పుడు బుల్లబ్బాయి ఒక మాటన్నాడు. అలాంటి మాట ఏ మెకానిక్కూ విని ఉండడు.

"మీరావలీ, ఏమీ అనుకోకు. కొంచెం ఎడమకి లాగేట్టు పెట్టేయ్."

మీరావలి ముఖం మాడిపోయింది. "నెల రోజులు కష్టపడి తిన్నగా చేశానండి. ఇప్పుడు చేతులారా వంకర పెట్టమంటారా?"

"నా చేతులు మారవోయ్. బండినే మార్చు. తొలకరి వచ్చేత్తంది. మారేడుమిల్లి వాళ్ళు అంట్ల కోసం గోతులు తవ్వుకుని కూర్చున్నారు. నేను తోలలేకపోతే దీన్ని పూలకుండీ చేసేత్తారు."  అరవై రెండేళ్ళ మనిషి, ఊళ్ళో నలుగురికీ అంటు కట్టడం నేర్పినవాడు, కళ్ళు తుడుచుకోకుండా నిలబడ్డాడు.

మీరావలి పెద్దమనిషి మాట కాదనలేక స్పానరు తీసుకుని వంగాడు.

"ఆ పానా కింద పెట్టు బాబూ," అంది తాయారు. తొట్టిలోంచి దిగి వచ్చింది. "మనం ఘాటులో కుడికి పోతే ఎదర వచ్చేవాడికి కూడా పెళ్ళాం పిల్లలుంటారండి. వంకరతో ముప్పై ఎనిమిదేళ్ళు వేగాం. ఇంక చాలు. నేను తోలతాను."

మీకు చెప్పడం మరిచాను. తాయారుకు తోలడం వచ్చు. ఇరవై ఏళ్ళుగా, ఆయన భోజనం చేసి కునుకు తీసే వేళ, నర్సరీ సందుల్లో మొక్కలు అటూ ఇటూ చేరవేసేది ఆవిడే. ఆ నడక వేగంలో నా వంకర తెలిసేది కాదు, కాబట్టి ఆవిడ చేతులకు నా జబ్బు అంటలేదు. నాలుగేళ్ళ కిందట కడియంలో ఆడవాళ్ళకు డ్రైవింగు నేర్పే శిబిరం పెడితే వెళ్ళి లైసెన్సు కూడా తెచ్చుకుంది. బీరువాలో పట్టుచీర కింద దాచింది. రోడ్డెక్కకపోవడానికి కారణం ఒకటే. సందుల్లో ఆగి ఆగి ఒళ్ళంతా వేసి తిప్పినా, రోడ్డు మీద వేగంలో ఆ పాత స్టీరింగు ఆవిడ చేతులకు లొంగేది కాదు.

తాళం బండికే ఉంది. ఆవిడ తీసుకోలేదు. భర్త ఎదుట నిలబడి చెయ్యి చాపింది. "మీరు ఇవ్వండి," అంది.

బుల్లబ్బాయి తాళం వైపు చూశాడు. నలభై ఏళ్ళ తాళం. నేను ఆ క్షణంలో ఆయనకు ఎడమ పక్క ఆసరాగా ఉండాలనుకున్నాను, తొట్టిలో పడి ఉన్న ఇనుప ముక్కకు ఆశలకేం తక్కువ. చివరికి ఆయన వెళ్ళి తాళం తీసి, పంచె కొంగుతో తుడిచి, ఆవిడ చేతిలో పెట్టాడు. మీరావలి స్పానరును సంచిలో వేసుకుని, పని లేకపోయినా టైరు గాలి చూడటానికి అటు తిరిగాడు.

జ్యేష్ఠంలో రెండు వానలు పడ్డాక బయల్దేరాం. తెల్లారి మొక్కలెక్కించారు. ఘాటులో ఎక్కేటప్పుడు మొక్కల వేళ్ళ చుట్టూ కట్టిన మట్టిముద్దలు వెనక్కి జారి ఒకదానికొకటి కొట్టుకుని మొక్కలు అంటు కట్టిన చోట విరుగుతాయని బుల్లబ్బాయికి ఎప్పుడూ భయం. అందుకని నన్ను తొట్టి చివర వెనక తలుపు దగ్గర అడ్డంగా పెట్టి గొలుసుతో కట్టాడు. ఎడమ కొసన నా వంకరలో ఒక మట్టిముద్ద సరిగ్గా ఒదిగింది. చేసిన వాడెవడో దీని కోసమే చేసినట్టుందని ఆయనే అన్నాడు.

గోకవరం దాటాం, రంపచోడవరం దాటాం. తాయారు నెమ్మదిగా తోలింది, మరీ నెమ్మది కూడా కాదు. ఘాటు మొదలైంది. పక్క సీట్లో బుల్లబ్బాయి చేతులు ఖాళీగా లేవు. ప్రతి మలుపుకీ గాల్లో స్టీరింగు పట్టుకుని కుడికి లాగుతున్నాడు. "కుడికి, కుడికి," అంటున్నాడు. "బ్రేకు తాయారూ," అంటున్నాడు. రోడ్డు మీంచి కన్ను తీయడం లేదు. నిరుడు ఆగిపోయిన మలుపు వచ్చింది.  తాయారు ఒక చేత్తో స్టీరింగు తిప్పింది. బండి మలుపు తిరిగి, ఏమీ జరగనట్టు పైకి సాగింది. నా మీద మట్టిముద్ద ఒక్కటి కూడా కదల్లేదు.

వెనక అద్దం పగిలి ఏళ్ళయింది, అందుకే లోపలి మాటలు నాకు బాగా వినపడ్డాయి.

"ఏవండీ," అంది తాయారు, కళ్ళు రోడ్డు మీదే ఉంచి. "ఆ రోజు ద్వారపూడి కాడ గేదె లేదు."

బుల్లబ్బాయి ఉలిక్కిపడ్డాడు. ముప్పై ఎనిమిదేళ్ళ చూడి గేదె, దాని మంద, ముసలాయన, గొడుగు, అన్నీ ఒక్కసారి మాయమైపోయాయి. "తెలుసా నీకు?" అన్నాడు.

"పక్కనే కూకున్నాను కదండీ. ఎటు చూత్తన్నారో నాకు తెలవదా?" అంది. ఆవిడ గొంతులో నవ్వుంది, ఇంకా ఏదో ఉంది. "ఇప్పుడు రోడ్డు నేను చూసుకుంటాను. మీరు చేతులు దించి, ఎంతసేపు కావాలంటే అంతసేపు ఇటు చూడండి."

ఆయన చేతులు గాల్లోంచి ఒళ్ళోకి దిగాయి. తిరిగి ఆవిడ వైపు చూశాడు. ఈసారి ఆ చూపు ఆ మలుపు దాటాక మొదలై మారేడుమిల్లి దాకా సాగింది. రోడ్డు పక్కన మైలురాళ్ళు ఒకటొకటిగా వచ్చాయి, పోయాయి. బండి గీత గీసినట్టు వెళ్ళింది.